ఫోను పక్కన గోడకు అంటించిన వాక్యం

కొత్తపేట రైతుబజార్లో నేను వంకాయలు కొనే ఆమెకు నా ఉద్యోగం సంగతి ఎవరు చెప్పారో తెలియదు. పనిలో ఉన్నన్నాళ్లూ అడిగింది, దిగిపోయాక కూడా అడుగుతూనే ఉంది: "మేడమ్, భూకంపం మళ్ల ఎప్పుడొస్తది?" ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదమ్మా అంటే తక్కెడ ఆపి నా మొహంలోకి చూస్తుంది. "మరి గిన్నేండ్లు మీరు ఏం జేసిన్రు మేడమ్?"

అడగాల్సిన ప్రశ్నే. జవాబు రాయడానికి ఇప్పుడు తీరింది. ఆమె దీన్ని చదవదు కాబట్టి, ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలైనా చదువుతారని రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వచ్చినవి ఆలస్యంగా వచ్చాయి, రానివి రాలేదు, అంతే.

నా పేరు బాలమణి. మాది బడంగ్‌పేట్. అపార్టుమెంట్లు రాకముందు జొన్న చేలున్న బడంగ్‌పేట్. ఫిజిక్సులో డిగ్రీ చేసి, భూకంపాలను నమోదు చేసే ఒక ప్రభుత్వ కార్యాలయంలో చేరాను. ముప్పై ఎనిమిదేళ్లు చేశాను. "మా పిల్ల భూమి నాడి సూస్తది" అని మా నాయిన ఊరంతా చెప్పుకున్నాడు. నిజానికి నేను చేసింది పొద్దున ఎనిమిదింటికి డ్రమ్ము మీద కాగితం మార్చడం.

డ్రమ్ము అంటే తిరిగే గొట్టం. దానికి కాగితం చుట్టి ఉంటుంది. దాని మీద ఒక కలం ఇరవై నాలుగు గంటలూ గీత గీస్తూనే ఉంటుంది. భూమి కదిలితే గీత వణుకుతుంది. మొదట ఒక వణుకు వస్తుంది, కాసేపాగి ఇంకోటి వస్తుంది. మెరుపు కనబడ్డాక ఉరుము ఎంతసేపటికి వినబడిందో చూసి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పినట్టే, ఆ రెండు వణుకుల మధ్య సమయాన్ని బట్టి భూకంపం ఎంత దూరంలో వచ్చిందో చెప్తాం. మిగతా సమయమంతా గీత తిన్నగా ఉంటుంది, మేము టీ తాగుతాం. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. గీత తెర మీదికి వెళ్లింది, టీ అలాగే ఉండిపోయింది.

మా మేనమామ భూకంపం

చేరిన మొదటి నెలలోనే నేనొక భూకంపం కనిపెట్టాను. చిన్నదే కానీ చాలా దగ్గర్లో. మూడు రోజులు వరసగా వచ్చింది. రాత్రింబవళ్లు లెక్కలు కట్టి, నగరానికి తూర్పున భూమిలో కొత్త పగులు ఏర్పడుతోందని రెండు పేజీల నోటు రాసి మా పెద్దాయన బల్ల మీద పెట్టాను.

మా పెద్దాయన శేషాచలం గారు. చామనఛాయ మనిషి, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు, ఒకటి రాయదు. ఎవరినీ కసురుకునేవాడు కాదు. కసిరితే బాగుండునని మాకే అనిపించేది. నోటు చదివి అడిగాడు.

"మూడు రోజులూ ఎన్నింటికి వచ్చిందమ్మా?"

"ఒంటిగంటకు సార్."

"సరిగ్గా ఒంటిగంటకేనా?"

"అటూ ఇటూ రెండు నిమిషాలు సార్."

"భూమికి భోజనం టైము తెలియదు బాలమణీ. క్వారీ వాళ్లకు తెలుస్తుంది. కూలీలంతా తినడానికి పక్కకు పోయాక మందు పేలుస్తారు."

సాయంత్రం ఊరికి పోయి ఆరా తీశాను. ఆ క్వారీ మా మల్లయ్య మామది. నేను భూకంపం కనిపెట్టానని విని మామ చాలా సంతోషించాడు. "పేపర్ల ఏసిండ్రా బిడ్డా?" అని అడిగాడు.

మీరు కూడా మొదటి ఏడాది ఇలాంటిది ఒకటి చేస్తారు. సిగ్గుపడకండి. ఆ రోజు నేను నేర్చుకున్నది ఒకటుంది: గీత ఏం చెప్తోందో చూసే ముందు, అది గీసినప్పుడు మనుషులు ఏం చేస్తున్నారో కనుక్కోవాలి. అది సరిగ్గా నేర్చుకుని ఉంటే మిగతాదంతా రాయాల్సిన పని ఉండేది కాదు.

ఆ వాక్యం ఎక్కడిది

లాతూరు భూకంపం వచ్చినప్పుడు తెల్లవారుజామున మన నగరంలో కూడా మంచాలు కదిలాయి. అక్కడ ఊళ్లకు ఊళ్లే నేలమట్టమయ్యాయి. ఇక్కడ గోడలు బాగానే ఉన్నాయి కానీ నోళ్లు ఊరుకోలేదు. మర్నాడు రాత్రి ఇంకోటి వస్తుందని పుకారు పుట్టింది. దిల్‌సుఖ్‌నగర్‌లో జనం చాపలు, దిండ్లు తెచ్చుకుని రోడ్డు డివైడర్ల మీద పడుకున్నారు.

ఆఫీసు ఫోన్ మోగుతూనే ఉంది. ఆ రోజు ఎత్తిన మా సహోద్యోగి నిజాయితీపరుడు. "ఇంకోటి వస్తుందా?" అని అడిగిన వాళ్లందరికీ "చెప్పలేమండీ" అన్నాడు. శాస్త్ర ప్రకారం అది నూటికి నూరు పాళ్లూ నిజం. ఎల్బీనగర్ నుంచి ఫోన్ చేసిన ఒక పెద్దమనిషికి ఆ మాట "వస్తది, మేం చెప్పం" అన్నట్టు వినబడింది. ఆ రాత్రి వీధిలోంచి లారీ పోతే ఇల్లు అదిరింది. ఆయన మొదటి అంతస్తు బాల్కనీ నుంచి దూకేశాడు. వారం తర్వాత కాలికి కట్టుతో ఆటోలో మా ఆఫీసుకొచ్చి, "చెప్పలేమంటే ఏంది సారూ? జీతం దేనికి తీసుకుంటున్రు?" అని నిలదీశాడు. ఆయన దిగడానికీ ఎక్కడానికీ మేమే పట్టుకున్నాం.

అప్పుడు శేషాచలం గారు ఒక అట్టముక్క తీసుకుని, రాసే పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో రాశాడు: "భయపడవలసిన అవసరం లేదు." దాన్ని ఫోను పక్కన గోడకు అంటించాడు. ఎవరు ఏమడిగినా ముందు ఈ వాక్యం చెప్పాలి, ఆ తర్వాతే మిగతాది. ఇదీ నియమం.

ఆయన్ను తప్పుపట్టకండి. కాలు విరిగిన మనిషిని కళ్లారా చూసి పెట్టిన నియమం అది. పదకొండేళ్లు ఆ వాక్యంతో ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. దాన్ని చెప్పడంలో నాకు మంచి పేరు కూడా వచ్చింది. నా గొంతు వింటే ధైర్యం వస్తుందనేవాళ్లు. కొందరు బాలమణి మేడమ్‌నే పిలవమని అడిగేవాళ్లు.

ఆదివారం డ్యూటీ

మా ఇల్లు కొత్తపేటలోనే. కింద మేముంటాం. పై వాటా కిరాయికి ఇచ్చాం. రెండువేల నాలుగులో అందులో వెంకటేశ్వరరావు మాస్టారు, ఆయన భార్య సరళ ఉండేవాళ్లు. వాళ్లది బందరు. ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్పేవాడు. తరంగాల పాఠం ఆయన చెప్తే పిల్లలు చెవులు రిక్కించి వినేవాళ్లట. సరళ నాకంటే ఐదేళ్లు చిన్నది. ఆమె గోంగూర పచ్చడి పైనుంచి కిందికి వచ్చేది, నా సర్వపిండి కింది నుంచి పైకి పోయేది. నన్ను అక్కా అనేది. నాకు చెల్లెళ్లు లేరు.

ఆ డిసెంబరులో సరళ తన తల్లి అన్నపూర్ణమ్మ గారి దగ్గరికి బందరు వెళ్లింది. ఇరవై ఆరో తేదీ ఆదివారం, మార్గశిర పౌర్ణమి. అమ్మాకూతుళ్లిద్దరూ మంగినపూడిలో సముద్రస్నానం చేయాలనుకున్నారు. వెళ్లే ముందు సరళ నాకీ సంగతి చెప్పింది. నేను సముద్రాన్ని ఎప్పుడూ చూడలేదంటే నమ్మలేదు. "అక్కా, సముద్రం అడుగున భూకంపాలు లెక్కపెడతారు, సముద్రం చూళ్లేదా!" అని నవ్వింది.

ఆ ఆదివారం డ్యూటీ నాది. ఉదయం ఆరున్నర దాటింది. కలం వణికింది. వణుకు కాదు, కొట్టుకుంది. కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు టకటకా తగిలి సిరా చిందింది. ఇరవై ఏళ్లలో అలాంటిది చూడలేదు. చకచకా లెక్క కట్టాను. రెండున్నర వేల కిలోమీటర్ల దూరం, ఆగ్నేయ దిక్కు, సుమత్రా దగ్గర, సముద్రం అడుగున. పరిమాణం ఎనిమిదికి అటూ ఇటూ అనిపించింది. ఆ ఉదయం ప్రపంచంలో చాలామందికి అలాగే అనిపించింది. తొమ్మిది దాటిందని తేలడానికి చాలా టైము పట్టింది. పై ఆఫీసుకు ఫ్యాక్సు పంపాను. ఇరవై నిమిషాల్లో పని ముగించానని నాకు నేనే మెచ్చుకుని, ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నాను.

కలం ఇంకా ఆగలేదు. అసలు వార్త అది. ఎంతకీ ఆగలేదంటే పగులు ఒకచోట లేదని, సముద్రం అడుగున నికోబార్, అండమాన్ల వైపు పాకుతోందని అర్థం. నేను కలం సిరా తుడిచాను.

ఫోన్ మోగింది. ఏడూ ఇరవై రెండు అని రిజిస్టర్లో ఉంది.

"అక్కగారూ, నేను వెంకటేశ్వరరావుని. మా బావమరిది ఇప్పుడే ఫోన్ చేశాడండీ. బందర్లో మంచాలు ఊగాయంట. ఏంటండీ అది?"

"భయపడే పనేం లేదు సారూ. సుమత్రా కాడ ఒచ్చింది."

"అది కాదండీ, సరళా వాళ్లమ్మగారూ సముద్రానికి బయల్దేరుతున్నారు. వెళ్లమంటారా, ఆగమంటారా?"

"పొమ్మనుండ్రి, ఏం గాదు. గది రెండున్నర వేల కిలోమీటర్ల దూరం. గా భూకంపం ఈడికొచ్చేటాల్లకు సరళ స్నానం జేసి, టిఫిన్ తిని, ఓ నిద్రదీసి లేస్తది. నా పేరు మీద గూడ రెండు మునకలు ఎయ్యిమనుండ్రి."

ఆయన నవ్వాడు. "అలాగే చెప్తానండీ" అన్నాడు. నేను రిజిస్టర్లో రాశాను: కొత్తపేట నుంచి ఫోన్, సముద్రస్నానానికి వెళ్లవచ్చా అని, భయం లేదని చెప్పాను. మునకల సంగతి రాయలేదు.

సునామీ అనే మాట మాకు తెలియక కాదు. చదువుకున్నాం. అది జపాన్ వాళ్ల గొడవ, పసిఫిక్ మహాసముద్రం గొడవ అనుకున్నాం. లైబ్రరీలో ఒక పాత కాగితం ఉంది. నూట ఇరవై ఏళ్లకు ముందు కార్ నికోబార్ దగ్గర భూకంపం వస్తే మన తూర్పు తీరంలో నీటిమట్టం కొలిచే యంత్రాల మీద అల గీతలు పడ్డాయని అందులో ఉంది. ఆ కాగితం బీరువాలో భద్రంగా ఉంది. బీరువాకు తాళం ఉంది.

ఇక లెక్క. సముద్రంలో అల ఎంత వేగంగా పోతుందో చెప్పే సూత్రం ఇంటర్ పుస్తకంలో ఉంటుంది. లోతు తెలిస్తే చాలు. బంగాళాఖాతంలో అది విమానం అంత వేగం. అక్కడి నుంచి మన తీరానికి దాదాపు రెండున్నర గంటలు. ఫోనుకు ఈ చివర నేనూ ఆ చివర మాస్టారూ, ఇద్దరం ఫిజిక్సు చదివిన వాళ్లం, ఆ సూత్రం ఇద్దరికీ నోటికి వచ్చు. ఏడూ ఇరవై రెండుకు ఇంకా గంటన్నర పైనే చేతిలో ఉంది.

పదింటికి మళ్లీ ఫోన్.

"అక్కగారూ, బందర్లో నీళ్లొచ్చాయంటున్నారు. ఏం నీళ్లండీ?"

నా కళ్లు గోడ మీదికి పోయాయి. అలవాటు చూడండి, నా నోరు "భయపడ..." దాకా వచ్చి ఆగింది. మాస్టారు ఫోన్ పెట్టేసిన చప్పుడు వినబడింది.

ఎవరో వచ్చి డ్యూటీ తీసుకున్నారు. నేను ఎల్బీనగర్ చౌరస్తాకు పోయాను. విజయవాడ వైపు బస్సులు అక్కడే ఆగుతాయి. మాస్టారు సంచి ఒళ్లో పెట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. సరళ సంగతి అప్పటికింకా ఏమీ తెలియదు. బస్సు వచ్చేదాకా పక్కన కూర్చున్నాను. నన్ను తిడతాడని ఎదురుచూశాను. బస్సెక్కుతూ వెనక్కి తిరిగి అన్నాడు.

"డ్యూటీ నుంచి నేరుగా వచ్చారా? ఏమైనా తిన్నారా అక్కగారూ?"

ఆ మాటకు నేను చౌరస్తాలో అందరి ముందూ ఏడ్చాను.

సరళ సరుగుడు తోటలో దొరికింది. నీళ్లు ఆమెను చెట్ల మధ్య వదిలేసి పోయాయి, చెయ్యి విరిగింది, ప్రాణం ఉంది. అన్నపూర్ణమ్మ గారు మూడో రోజు దొరికారు.

రిజిస్టర్లో ఒక వరుస

సోమవారం శేషాచలం గారు రిజిస్టర్ తెప్పించుకున్నాడు. ఏడూ ఇరవై రెండు దగ్గర వేలు ఆగింది. గదిలో ఉన్న ఇంకో అధికారి అన్నాడు: "సార్, ఫోన్ మాటలు రిజిస్టర్లో ఉండాలని ఎక్కడుంది? ఈ పేజీ తిరగరాయించొచ్చు." మంచి ఉద్దేశంతోనే అన్నాడు. నన్ను కాపాడాలని.

శేషాచలం గారు నన్ను చూశాడు.

"అన్నావా ఈ మాట?"

"అన్నాను సార్."

ఆయన లేచి ఫోను దగ్గరికి పోయాడు. గోడ మీది అట్టముక్క గోటితో పీకాడు. పదకొండేళ్ల జిగురు, సున్నంతో సహా ఊడింది. దాన్ని ఆ పేజీకి పిన్ను పెట్టి గుచ్చాడు. "రాసింది నేను, చెప్పింది నువ్వు. రెండూ ఒక్కచోట ఉండనీ" అని కింద సంతకం చేశాడు. మొదట రాయని పెన్ను తీశాడు, తర్వాత రెండోది తీశాడు.

నా ఉద్యోగకాలంలో చాలామంది పై అధికారులను చూశాను. పొగడ్తలకు ఉబ్బేవాళ్లు, ఫైలు కింద ఫైలు దాచేవాళ్లు, తప్పు కిందికి జార్చేవాళ్లు. ఆయనంత నీరసంగా మాట్లాడేవాళ్లు ఇంకెవరూ లేరు. ఆయన కిందే పనిచేయాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

సరళ నెల తర్వాత చేతికి కట్టుతో తిరిగొచ్చింది. నేను అన్నం, చారు పట్టుకుని పైకి పోయాను. మెట్లెక్కుతూ చెప్పాల్సిన మాటలు కూర్చుకున్నాను. గుమ్మంలో ఆమెను చూశాక అన్నం గిన్నె అక్కడ పెట్టి దిగి వచ్చేశాను. నేను పొమ్మన్నానని ఆమెకు తెలుసా? మునకల మాట మాస్టారు ఆమె దాకా చేర్చాడా, లేక ఫోన్లో నవ్వి ఊరుకున్నాడా? అడిగితే తెలుస్తుంది. నేను అడగలేదు. నెల అయింది, ఏడాది అయింది, ఇరవై ఏళ్లయింది. పచ్చళ్లు కిందికి వస్తూనే ఉన్నాయి. గోంగూర నోట్లో పెట్టుకున్న ప్రతిసారీ అదే ప్రశ్న గుర్తొచ్చేది.

ఏమీ రాని రోజు

తర్వాత నన్ను కొత్తగా పెట్టిన సునామీ హెచ్చరిక కేంద్రానికి వేశారు. అది నగరానికి ఆ కొసన ఉంది. అప్పటికి మెట్రో లేదు. ఎల్బీనగర్ నుంచి రెండు బస్సులు మారి, మూడో బస్సు దొరక్క నడిచి వెళ్లేదాన్ని. ఇప్పుడు సముద్రం అడుగున నీటి బరువు కొలిచే పరికరాలున్నాయి. తీరం పొడుగునా నీటిమట్టం కొలుస్తారు. భూకంపం వచ్చిన కొద్ది నిమిషాల్లోనే కబురు జిల్లాలకు పోతుంది. ఆ గదిలో ఫోను పక్కన గోడకు ఏమీ అంటించనివ్వలేదు. చాలామందితో తగువు పడ్డాను, క్యాలెండర్ కూడా పెట్టనివ్వలేదు.

రెండువేల పన్నెండు ఏప్రిల్లో ఒక మధ్యాహ్నం మళ్లీ సుమత్రా దగ్గరే వచ్చింది, ఎనిమిదిన్నరకు పైనే. హెచ్చరిక పోయింది. తీరం నుంచి జనాన్ని లేపడం మొదలైంది. నా పని అయ్యాక సరళకు ఫోన్ చేశాను. ఆ రోజు సరళ తమ్ముడు సుబ్బు ఇంట్లో, సముద్రానికి దగ్గర్లో, అతని కూతురి నిశ్చితార్థం. సముద్రం పక్కనే అని సరళ వెళ్లకుండా ఇక్కడే ఉండిపోయింది.

"సరళా, అందర్నీ లేపమను. బడి మేడ ఎక్కమను. ఇప్పుడే."

"వస్తుందా అక్కా?"

"తెల్వదు. లేపమను."

లేపారు. పీటల మీది పెళ్లికూతుర్ని లేపారు, పురోహితుణ్ణి లేపారు, విస్తళ్ల ముందు నుంచి బంధువులందర్నీ లేపి బడి మేడ ఎక్కించారు. ఎండలో సాయంత్రం దాకా నిలబడ్డారు. పెద్ద అల ఏదీ రాలేదు. ఈసారి సముద్రం అడుగు పక్కకు జరిగింది. గంగాళంలో చెయ్యి పక్కకు ఆడిస్తే నీళ్లు పెద్దగా లేవవు, అడుగు నుంచి తంతేనే లేస్తాయి. రెండువేల నాలుగులో తన్నింది. ఏది తన్నిందో ఏది జరిగిందో తేలేసరికి టైము పడుతుంది. ఆ టైములో జనం మేడ మీద ఉండాలి.

సుబ్బు సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఏంటండీ మేడమ్ గారూ, అలలన్నారు, చెంబుడు నీళ్లు రాలేదు! పప్పూ సాంబారూ కుక్కల పాలయ్యాయి. మగపెళ్లివారు మొహాలు మాడ్చుకుని కూర్చున్నారండీ."

"మంచిగైంది."

"ఏంటండీ మంచిగైంది?"

"చెంబెడు నీళ్లు రాకపోవుడు."

ఆయన ఇంకా ఏవేవో అన్నాడు, అన్నీ విన్నాను. ఆ రోజుల్లో నా కింద పనిచేసే వాళ్లకు ఇదే చెప్పేదాన్ని: ఈ ఉద్యోగంలో తిట్లు తినడం కూడా పనే. ఏమీ జరగనప్పుడు తిడతారు. అలాంటి తిట్లు ఎన్ని తిన్నా అరుగుతాయి. జరిగినప్పుడు మటుకు ఎవరూ తిట్టరు, ఏమైనా తిన్నారా అని అడుగుతారు. అది ఇప్పటికీ నాకు అరగలేదు.

నేను ఇంటికి చేరేసరికి సరళ మెట్ల మీద కూర్చుని ఉంది.

"తమ్ముడు తిట్టాడా అక్కా?"

"జర తిట్టిండు."

"తిట్టనివ్వండి. తిట్టడానికి ఉన్నాడుగా."

అప్పుడు చెప్పేద్దామని నోరు తెరిచాను. సర్వపిండి తింటావా అని అడిగాను.

మీకు చెప్పదలచుకున్నవి

రిటైరయ్యే రోజు శాలువా కప్పి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. మైకు సరిగ్గా పనిచేయలేదు. అప్పుడు చెప్పినవే మళ్లీ చెప్తున్నాను.

"తెలియదు" అనడానికి సిగ్గుపడొద్దు. కానీ అక్కడితో ఆపితే ఎల్బీనగర్ పెద్దమనిషి బాల్కనీ నుంచి దూకుతాడు. తెలియదు అన్నాక, తెలిసేదాకా ఏం చేయాలో కూడా చెప్పాలి. "నీటికి దూరంగా పొండి, తర్వాత ఫోన్ చేయండి." ఇంతే చాలు. ఫోన్ చేసిన మనిషి ఎక్కడున్నాడో, వాళ్లవాళ్లు ఎక్కడున్నారో అడగండి. నేను ఆ ఉదయం అడగనక్కర లేకుండానే నాకు చెప్పారు. సముద్రానికి వెళ్తున్నామని చెప్పారు. నేను భూకంపం ఎంత దూరమో చూశాను, నీళ్లు ఎంత దగ్గరో చూడలేదు.

ఇంకోటి. సముద్రం వెనక్కి పోతేనే సునామీ అని బడిపిల్లలకు చెప్తున్నారు. ఒక్కోసారి ముందు పొంగుతుంది, ఆ తర్వాత వెనక్కి పోతుంది, ఆ తర్వాత అసలుది వస్తుంది. మొదటి అల పోయింది కదా అని చూడ్డానికి దిగొద్దు. ఒక్క అలతో అయిపోదు. ధైర్యం చెప్పే గొంతున్న వాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. జనం అలాంటి గొంతునే నమ్ముతారు.

మార్గశిర పౌర్ణమి

ఈ మధ్య ఒక పొద్దున సరళ కిందికి వచ్చింది. వాళ్లు ఇప్పటికీ మా పై వాటాలోనే ఉంటారు. మాస్టారు పాఠాలు మానేశాడు, మోకాళ్లు పట్టేశాయి. సరళ ఇరవై ఏళ్లుగా సముద్రం మొహం చూడలేదు. పుట్టింటికి పోయినా అటు నడిచేది కాదు.

"అక్కా, వచ్చే పౌర్ణమికి మంగినపూడి వెళ్దామనుకుంటున్నా. అమ్మ పోయిన చోట ఒక్కసారి మునగాలని. వెళ్లొచ్చా?"

అదే ప్రశ్న. వెళ్లొచ్చా. నా దగ్గర గోడ లేదు, అట్టముక్క లేదు.

"నేను గూడ ఒస్త" అన్నాను.

పైనుంచి మాస్టారు కేకేశాడు. "అక్కగారు వస్తున్నారంటే నాకు బెంగ లేదు, వెళ్లి రండి."

పౌర్ణమికి ముందు రోజు ఎల్బీనగర్లో బస్సెక్కాం. సుబ్బు ఇంట్లో దిగాం. అతను పాత పప్పు సంగతి మళ్లీ తీశాడు, ఈసారి నవ్వుతూ. మర్నాడు పొద్దున బీచికి పోయాం. జనం బాగానే ఉన్నారు. అరవై దాటాక నేను మొదటిసారి సముద్రం చూశాను. ముప్పై ఎనిమిదేళ్లు దాని గురించి లెక్కలు కట్టాను, ఇంత చప్పుడు చేస్తుందని అనుకోలేదు.

ఇసకలో నడుస్తుంటే నా వల్ల కాలేదు. ఆగిపోయాను.

"సరళా, ఆ దినం మీరు పోవచ్చని జెప్పింది నేనే."

"తెలుసక్కా."

"ఇంకో మాట గూడ అన్న."

"రెండు మునకలు. అదీ తెలుసు. ఆయన ఫోన్లో చెప్పి నవ్వారు, నేను అమ్మకి చెప్పాను." సరళ చెప్పులు విడిచి చేతిలోకి తీసుకుంది. "మా మునకలయ్యాయి. ముందు నీళ్లు పొంగి అందరి చీరలూ తడిశాయి, అందరం నవ్వుకున్నాం. తర్వాత నీళ్లు వెనక్కి వెళ్లిపోయాయక్కా, చాలా దూరం. అమ్మ అంది, బాలమణి మేడమ్ గారివి రెండున్నాయే, నీళ్లు రానీ వేద్దాం అని. అలా నిలబడ్డాం."

నేను ఇసకలో కూలబడ్డాను. సరళ నా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇది చెప్తే మీరు తట్టుకోలేరని ఇన్నాళ్లూ చెప్పలేదు. కానీ ఇంకోటి కూడా వినండి. అక్కడ అందరూ నిలబడ్డారక్కా. మునకలు అయిపోయినవాళ్లు, ఎవరి పేరు మీదా వేయనివాళ్లు, అందరూ. సముద్రం అలా వెళ్లిపోతుంటే చూడకుండా ఎవరు పోతారు? ఎవరూ మాకు చెప్పలేదు. మీకూ ఎవరూ చెప్పలేదు."

ఆమె లేచి చీర దోపుకుంది. ఫోనూ చెప్పులూ నా ఒళ్లో పెట్టింది. "చూస్తూ ఉండండి" అని నీళ్లలోకి దిగింది.

నేను లేచి నిలబడ్డాను. ఫోన్ తీసి నా పాత ఆఫీసులో డ్యూటీలో ఉన్న అమ్మాయిని అడిగాను, ఏమైనా కబురుందా అని. "ఇప్పటివరకు ఏమీ లేదు మేడమ్. నీళ్ల దగ్గరున్నారా? ఏదైనా తేడాగా అనిపిస్తే ముందు పైకి వెళ్లిపోండి, తర్వాత ఫోన్ చేయండి" అంది. నేను నేర్పిన పిల్లే. ఫోన్ పెట్టి, ఒడ్డు నుంచి ఆకాశం అంచు దాకా ఈ కొస నుంచి ఆ కొసకు చూడటం మొదలుపెట్టాను.

కాపలా కానిస్టేబుల్ ఒకతను నా పక్కనుంచి పోతూ ఆగాడు.

"ఏం పెద్దమ్మా, స్నానం చెయ్యరా?"

"డ్యూటీల ఉన్న బాబూ."

అతను నా చేతిలో చెప్పుల్ని ఓసారి చూసి వెళ్లిపోయాడు. నడుం లోతు నీళ్లలో సరళ మూడుసార్లు మునిగింది. తర్వాత ఇటు తిరిగి, ముఖం మీది నీళ్లు తుడుచుకుని అరిచింది: "అక్కా, ఇంక మీవి!"

ముక్కు పట్టుకుని ఒకటి వేసింది. లేచి నన్ను చూసి, రెండోది వేసింది. రెండూ చూశాను. సముద్రం ఎక్కడిది అక్కడే ఉంది.